నమ్మేటట్టు

తాసిల్దారు గారు భోజనానికి లేచి లోపలికి వెళ్ళారు. గంటలో వస్తాను, ఈలోపు ఆలోచించుకోండి అన్నారు. ఆలోచించుకోవడానికి డాక్ బంగళా వరండాలో నీడ మాత్రం ఉంది, గాలి లేదు. అన్నపూర్ణమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. ఎండకు కాగిన గోడ వేడి చీర దాటి వీపుకు తగులుతున్నా కదలలేదు, కదిలితే ఆ ప్రశ్న కూడా తనతోపాటు కదిలి ఇంకా దగ్గరికి వస్తుందేమో అన్నట్టు. ఆయన అడిగింది ఒక్క మాట. హిందీలో, కచేరీ వాళ్ళు అడిగే తీరులో అడిగారు, ఈ ఆడమనిషి బయాన్ కాబిలె యకీన్ అంటారా, కాదంటారా, అని. బయాన్ అంటే చెప్పిన సాక్ష్యం, అందులో చిక్కు లేదు. కాబిలె యకీన్ అంటేనే. నమ్మడానికి తగినది, నమ్మేటట్టు ఉన్నది. నిజమా అని ఆయన అడగలేదు. నిజమా అని అడిగితే నాకేం తెలుసు దొరా, నేను అక్కడ లేను కదా, అని తప్పించుకొని ఇంటికి పోయి ఉప్పు కొట్టులో కూర్చునేది. నమ్మేటట్టుందా అని అడిగితే ఎవరు తప్పించుకోగలరు, ప్రతి మనిషికీ నమ్మడమో నమ్మకపోవడమో ఏదో ఒకటి ఉంటుంది కదా. ఆ మాట ఆమెకు కొత్తది కాదు. ఇరవై ఆరేళ్ళ కిందట ఒకసారి వింది. ఆ రోజు అది తన మీదనే అన్నారు.

వరండా ఆ చివర లక్మే కూర్చుంది, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకొని, పక్కన గుడ్డమూట పెట్టుకొని. ముప్పై ఏళ్ళుంటాయేమో, దోర్ల మనిషి, ఇంద్రావతి ఒడ్డున అడవిలో వాళ్ళ గూడెం. రెండు రోజులు నడిచి భోపాల్‌పట్నం వచ్చింది. జగదల్‌పూర్ నుంచి తాసిల్దారు దౌరాకు, ఊళ్ళు తిరిగి చూడడానికి, వచ్చారని ఎవరు చెప్పారో, వచ్చి బంగళా గేటు దగ్గర కూర్చుంది. చప్రాసీ కసిరినా లేవలేదు, ఠాణా మున్షీ వచ్చి నాకు చెప్పు, నేను దొరకు చెప్తాను అన్నా నోరు విప్పలేదు, ఆ మున్షీ అడవి కాపలా కాసే నాకేదారుతో కలిసి తిరుగుతుంటాడని ఆమెకు తెలుసు. దోర్లీ, హిందీ రెండూ వచ్చిన వేరే మనిషి ఎవరున్నారు అని దొర అడిగితే ఊళ్ళో పదిమంది అన్నపూర్ణమ్మ పేరే చెప్పారట. పుట్టింది జగదల్‌పూర్ వర్తకుల ఇంట్లో, హిందీ అక్కడిది. భోపాల్‌పట్నం కోడలుగా వచ్చి, మొగుడు పోయాక అత్త తనను వెనక ఉప్పు కొట్టులో కూర్చోబెడితే, చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ తట్టలతో వచ్చే దోర్ల ఆడవాళ్ళ దగ్గర ఆ భాష నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు, నవ్వారు, దిద్దారు, అంతే. పొద్దున్నే చప్రాసీ పిలవడానికి వస్తే మంచిదే కదా, ఒక ఆడదాని మాట ఇంకొక ఆడది చెప్పడం, అనుకొని మడి చీర కట్టుకొని వచ్చింది. అంతే అనుకుంది. ఒకరి నోట్లోది తీసి ఇంకొకరి చెవిలో వేయడం.

లక్మే చెప్పింది తిన్నగానే చెప్పింది. మొగుడి పేరు బండి. ఇప్పపువ్వు రాలే రోజులు, తెల్లవారుజామునే పోయి ఏరుకోకపోతే జింకలూ ఎలుగులూ తినిపోతాయి, అట్లాంటి రోజుల్లో నాకేదారు వెట్టికి రమ్మన్నాడు, పెద్ద దొర ఎవరో వేటకు వస్తున్నాడు, డేరాలు మోయాలి అని. పోయాడు. మూడు రోజులు మోశాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంక నేను పోతాను, పువ్వు పాడవుతున్నది అన్నాడు. డేరా మేకులు కొట్టే కొయ్యసుత్తి నాకేదారు చేతిలో ఉంది, దానితో తల మీద, చెవికి పైగా, ఒక్కటే దెబ్బ వేశాడు. అతను కింద కూర్చున్నాడు, లేచాడు, నడిచాడు. రెండు కోసులు నడిచి ఇంటికి వచ్చాడు. దెబ్బ ఎక్కడ అంటే ఇక్కడ అని చూపించాడు, రక్తం లేదు, కొంచెం ఉబ్బింది. జావ తాగాడు. నాకేదారు ఎట్లా అరిచాడో వాడిలాగే అరిచి చూపించి నవ్వించాడు. తర్వాత పడుకున్నాడు. పడుకొని గురక పెట్టాడు. ఎప్పుడూ గురక పెట్టని మనిషి, రంపంతో దుంగ కోసినట్టు గురక పెట్టాడు, మూడు రోజులు మోసి అలసిపోయాడు కదా అని నేను నవ్వుకున్నాను, పొద్దు గూకే వేళకు గురక ఆగింది, హమ్మయ్య అనుకున్నాను, తర్వాత చూస్తే మనిషి లేడు. ఇదీ లక్మే చెప్పింది. గురక మాట దగ్గరికి వచ్చేసరికి అన్నపూర్ణమ్మ నోరు ఎండిపోయింది. కాసిని నీళ్ళు అని అడిగింది, చప్రాసీ లోటా తెచ్చాడు, తాగింది. తాగి, హిందీలో అన్నది, జావ తాగి పడుకున్నాడు, పొద్దు గూకే వేళకు చనిపోయాడు అంటున్నది దొరా, అని. గురక చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆ క్షణాన తెలియలేదు, నాలుక దానంతట అదే దాటేసింది, కాలు కాలువను దాటినట్టు.

నాకేదారు చెప్పింది దానికంటే బాగుంది. బంగళా మెట్ల మీద నిలబడి, టోపీ చేతిలో పట్టుకొని చెప్పాడు. పని బాగా చేశాడు హుజూర్, ఇంటికి పొమ్మన్నాను, దారిలో తాటిచెట్టు ఎక్కి కల్లు తాగాడు, దిగేటప్పుడు జారి పడ్డాడు, చెట్టు కింద కల్లు కుండ పెంకులు కూడా ఉన్నాయి, నేను కళ్ళారా చూశాను. డేరాలు మోసిన ఇంకో ఇద్దరు మాకేం తెలియదు అన్నారు. కల్లు, తాటిచెట్టు, జారడం. ఈ ఎండల్లో ఏ ఊళ్ళో అయినా ఒకడు అట్లా పడుతూనే ఉంటాడు. ఠాణా మున్షీ తల ఊపాడు, చప్రాసీ తల ఊపాడు, తాసిల్దారు కూడా ఊపబోయి ఆగి, మళ్ళీ అన్నపూర్ణమ్మ వైపు చూశారు. ఆయన మంచివాడే. కొత్తగా వచ్చినవాడు, కళ్ళజోడు వెనక కళ్ళు అలసిపోయి ఉన్నాయి. ఈమె చెప్పినట్టు అంత దెబ్బ తగిలితే మనిషి అక్కడే పడాలి కదమ్మా, రెండు కోసులు నడుస్తాడా, నవ్వుతాడా, అన్నారు. మీరు వీళ్ళ మధ్య బతికినవారు. ఇట్లా జరగడం చూసినవాళ్ళు ఒక్కరున్నా చెప్పండి, జగదల్‌పూర్ డాక్టరుకు రాస్తాను, మట్టి తీయించి తల చూడమంటాను. లేకపోతే ఈ కాగితం ఇక్కడితో మూసేస్తాను. ఆ పెంకుల మాట విన్నప్పుడే అన్నపూర్ణమ్మకు నాకేదారు అబద్ధమాడుతున్నాడని తెలిసింది. అడగకుండా పెంకులు ఎవరు చెబుతారు. ఇరవై ఆరేళ్ళ కిందట తాను ఎవరూ అడగని ఒక రాయిని చెప్పినట్టు.

నమ్మేటట్టుంది. ఈ మాట రోజుకు ఎన్నిసార్లు అంటుందో. కొట్టులో, ఈ చింతపండు కొత్తదేనమ్మా అని ఎవరన్నా అంటే, ఆఁ, నమ్మేటట్టే ఉంది అని నవ్వుతుంది. పొద్దు తూర్పున పొడిచిందంటే నమ్మేటట్టుంది అని ఎవరూ అనరు. ఆవు పాలిచ్చిందంటే అనరు. ఎక్కడో లోపల ఒక చిన్న అనుమానం ఉండి, దాని మీద ఒక గుడ్డ కప్పి, గుడ్డ సరిగ్గానే ఉంది, చిరుగు కనిపించడం లేదు అని ఒప్పుకున్నప్పుడు అంటారు ఆ మాట. నమ్మబలికాడు అంటే మోసం చేశాడనే. నమ్మించాడు అన్నా అంతే. నమ్మకం ఒక్కటే మంచి మాట, దానికి తోక తగిలించిన ప్రతిసారీ కొంచెం పాడవుతుంది. అసలు జరిగినవేమో నమ్మేటట్టు ఉండవు. తన కళ్ళ ముందు జరిగింది నమ్మేటట్టు ఉందా. ఎప్పటికైనా ఉంటుందా.

గేటు దగ్గర గొడుగు కనిపించింది. మరిది ధర్మయ్య వస్తున్నాడు, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో ఇత్తడి గిన్నె. నలభై నాలుగేళ్ళ మనిషి, జుట్టు అప్పుడే తెల్లబడింది, నడిచేటప్పుడు ఎవరికీ అడ్డం రాకూడదన్నట్టు దారికి ఓ పక్కగా నడుస్తాడు. చెప్పులు కిందనే విడిచి మెట్లెక్కి వచ్చి గిన్నె ముందర పెట్టాడు.

"వదినా, పెరుగన్నం తెచ్చిన. పొద్దుగాల సంది ఏం తినలే నువ్వు."

"తినబుద్ధి అయితలేదు. ఆడ పెట్టు."

మూత తీసి, మామిడికాయ ముక్క పక్కన పెట్టి, నీళ్ళ చెంబు దగ్గరికి జరిపాడు. ఇంకా నిలబడే ఉన్నాడు. "ఏందట సంగతి?" అన్నాడు నెమ్మదిగా.

చెప్పకూడదనుకుంది. చెప్పింది. "దాని మొగనికి తల మీద ఒక్క దెబ్బ తగిలిందట. నడుచుకుంట ఇంటికొచ్చిండట. జావ తాగిండట, నవ్విండట. పండుకొని మల్ల లేవలేదట. అట్ల అయితదా అని అడుగుతున్నడు దొర."

ధర్మయ్య చేతిలో ఇంకా ఆ గిన్నె మూత ఉంది. దాన్ని చూస్తూ, "నిన్ను అడిగిండా?" అన్నాడు.

"నన్నే."

"ఏం చెప్పినవు?"

"ఇంక చెప్పలే."

ఎండలో ఎక్కడో పావురం మూలుగుతున్నది. మూత గిన్నె పక్కన చప్పుడు కాకుండా పెట్టి, "అన్నం తిను వదినా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇంటికి పోలేదు. గేటు పక్కన మద్దిచెట్టు నీడలో అటువైపు తిరిగి కూర్చున్నాడు. చెప్పులు మెట్ల దగ్గరే ఉన్నాయి, కాలే నేల మీద ఉత్త కాళ్ళతోనే పోయాడు.

ఆ రోజు కూడా ఇంత ఎండ ఉంది. తన మొగుడూ ధర్మయ్యా, అన్నదమ్ములిద్దరూ, చెర్ల సంత నుంచి బండి తోలుకొని మధ్యాహ్నానికి వచ్చారు. ఆయన ముందు దిగి, ఎడ్లను విప్పుతూ తమ్ముణ్ణి నీళ్ళు పెట్టమన్నాడు. తమ్ముడు పద్దెనిమిదేళ్ళవాడు, దారి పొడుగునా ఏం మాటలయ్యాయో, నువ్వే పెట్టుకో, అన్నీ నాకే చెప్తవు అన్నాడు. ఆయన చెంప మీద ఒకటి వేశాడు, పెద్దది కాదు, అన్నలు వేసేదే. తమ్ముడి చేతికి బండికి ఊతం పెట్టే కర్ర అందింది. ఒక్కటే దెబ్బ. చెవికి పైన. వాకిట్లో నీళ్ళు చల్లుతున్న తాను చూసింది, చెంబు చేతిలోనే ఉంది, ఇప్పటికీ ఆ చెంబు అంచు వేళ్ళకు గుర్తు. ఆయన కూర్చోలేదు కూడా. తల పట్టుకొని నిలబడి, చెయ్యి తీసి చూసుకున్నాడు, రక్తం లేదు, నవ్వాడు. ఓరి నీ, చెయ్యి బాగనే లేస్తున్నదిరా నీకు, అన్నాడు. ధర్మయ్య కర్ర పారేసి ఏడవడం మొదలుపెట్టాడు. ఆయనే పోయి ఎడ్లకు నీళ్ళు పెట్టి వచ్చి అన్నం తిన్నాడు, రెండు సార్లు మజ్జిగ పోయించుకున్నాడు, వచ్చే నెల నిన్ను జగదల్‌పూర్ తోలుకపోత, మీ అమ్మను చూసి వద్దువు అన్నాడు. పడుకున్నాడు. గురక పెట్టాడు. ఎప్పుడూ పెట్టని మనిషి. తాను పోయి అత్తకు చెప్పింది, మీ కొడుకు గురక వినండి అని, ఇద్దరూ నవ్వారు, ఈగలు వాలుతుంటే కొంగుతో విసురుతూ కాసేపు పక్కన కూర్చుంది కూడా. గురక విని నవ్వింది. ఆ నవ్వు ఇరవై ఆరేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, దేవుడి ముందు కూడా చెప్పలేదు. దీపం పెట్టే వేళకు ఇంట్లో చప్పుడు తగ్గినట్టు అనిపించి వెళ్ళి చూసింది. ఈ రోజు లక్మే నోట అదే నవ్వు విన్నది. ఈ మనిషి అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం చెప్పేవాళ్ళకు గురక దొరకదు, దొరికినా పెట్టుకోరు, అది ఎవరినీ నమ్మించదు కనక, అది విన్నవాడు ఇదేమిటి అంటాడు కనక.

అత్త ఏడవలేదు ఆ వేళ. తన చెయ్యి పట్టుకొని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. ఠాణా నుంచి వస్తరు, బండి మీదికెల్లి పడ్డడని చెప్పు అన్నది. అత్తా అంటే, ఒకడు పోయిండు, ఇంకొకణ్ణి కూడ తీసుకపోనిస్తవా, అన్నది. నమ్మేటట్టు చెప్పు, అన్నది. ఆ మాట అట్లా వచ్చింది తన బతుకులోకి. ముసలి ఠాణేదారు వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చుంటే తలుపు చాటున నిలబడి తానే హిందీలో చెప్పింది. వాగు దగ్గర పల్లం ఉంది, చక్రం కింద రాయి పడింది, బండి ఒరిగింది, ఆయన పడ్డాడు. ఆ రాయి ఎవరూ నేర్పలేదు. తానే పెట్టింది. చెబుతూ ఉండగా ఆ రాయి కళ్ళకు కనిపించింది కూడా, నల్లగా, సగం భూమిలో పాతుకొని. ఠాణేదారు రాసుకొని, చివరకు పైకి చదివాడు, బయాన్ కాబిలె యకీన్ హై, అని. అంతటితో అయిపోయింది. ఇరవై రెండేళ్ళు తనకు. అబద్ధం చెప్పడం ఇంత తేలికా అనిపించింది, ఏడుపు నిజమే కదా, దాని మీద ఏ మాట పెట్టినా నిలబడుతుంది.

ధర్మయ్య ఆ తర్వాత ఎవరి మీదా గొంతు ఎత్తలేదు. పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పిల్లల మీద కూడా ఎత్తలేదు. ఎడ్లకు నీళ్ళు తానే పెడతాడు, ముగ్గురు పాలేర్లున్నా తానే పెడతాడు. ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా వదినను అడుగుతాడు, ఇరవై ఆరేళ్ళుగా ఆమె తిన్నాక తింటాడు. ఒక్కసారైనా ఆ సంగతి ఎత్తలేదు, తాను ఎత్తలేదు. ఇద్దరి మధ్యా అది ఇంట్లో మనిషిలాగా తిరుగుతూ ఉండేది, ఎవరూ దానికి విస్తరి వేయలేదు, పొమ్మననూలేదు. ద్వేషించిందా. మొదట్లో. కొన్నేళ్ళు, అతను ఏడిస్తే చూడాలనిపించేది. తర్వాత ఎప్పుడో అది అరిగిపోయింది, అరిగిపోయి జాలి అయింది, జాలి కూడా పోయి అలవాటు అయింది. ఇప్పుడు ఈ మనిషిని తీసుకొనిపోయి దొర ముందు నిలబెట్టాలా. ఎవరి కోసం. నిన్నటిదాకా పేరు కూడా తెలియని ఒక లక్మే కోసం. నమ్మేటట్టు లేదు దొరా అంటే చాలు. అబద్ధం కూడా కాదు అది, నిజంగానే నమ్మేటట్టు లేదు. దొర కాగితం మూసేస్తారు, లక్మే గూడేనికి పోతుంది, తాను ఈ గిన్నె పట్టుకొని ఇంటికి పోతుంది, ధర్మయ్య గొడుగు పడతాడు.

నీడ మెట్టు దిగింది. లక్మే లేచి వచ్చి కొంచెం దూరంలో కూర్చుంది. చెంబులో నీళ్ళున్నాయా అన్నట్టు చూస్తే అన్నపూర్ణమ్మ దాన్ని అటు జరిపింది. లక్మే దోసిట్లో పోసుకొని తాగి, నోరు తుడుచుకొని, తన భాషలో అడిగింది.

"నేను చెప్పినవన్నీ దొరకు చెప్పినవా?"

"చెప్పిన."

"నేను గురక సంగతి చెప్తుంటే నువ్వు నీళ్ళడిగినవు. తాగినంక కొంచెమే మాట్లాడినవు. నాది పెద్దగ ఉండె, నీది చిన్నగ అయింది."

హిందీ ఒక్క ముక్క రాని మనిషి. మాట పొడుగు కొలిచింది. అన్నపూర్ణమ్మ ఆమె ముఖంలోకి చూడలేక చేతుల వైపు చూసింది, పచ్చబొట్లు మణికట్టు దాటి పైకి పోయాయి. "ఆ గురక ఎందుకు అంత పట్టింపు నీకు?" అన్నది, కొంచెం కోపంగానే.

"పట్టింపు లేదు. అయింది. అయింది గనక చెప్పిన."

ఈమెను అడగాలనిపించింది, నువ్వు చెప్పేది నమ్మేటట్టు ఉందా, నీకే నమ్మేటట్టు ఉందా అని. అడగబోతే తనకు వచ్చిన దోర్లీలో ఆ మాట దొరకలేదు. అయిందా, కాలేదా అని అడగడం తెలుసు. ఉప్పు తూకానికి, చింతపండు బేరానికి అంతకంటే ఎక్కువ ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ భాషలో అట్లాంటి మాట ఉందేమో, తనకు రాదేమో. లక్మే ఇంకా ఆమె వైపే చూస్తున్నది, అడిగినట్టు కాదు, నిందించినట్టు కాదు. తన వస్తువు ఒకటి వీళ్ళింట్లో ఉండిపోయింది, ఎప్పుడు తెచ్చిస్తారో అని చూసినట్టు. తనది కానిది పెట్టుకొని కూర్చున్నానా, అనుకుంది అన్నపూర్ణమ్మ. గురక ఆమె మొగుడిది. కాజేసే హక్కు నాకెక్కడిది. నాది నేను ఏమన్నా చేసుకున్నాను, ఇరవై ఆరేళ్ళు దాచుకున్నాను, ఆమెది దాచడానికి నేనెవరిని. గేటు వైపు చూసింది. మద్దిచెట్టు కింద ధర్మయ్య వీపు కనిపిస్తున్నది, చొక్కా చెమటకు అంటుకుపోయి. ఆ వీపును ఇంకోసారి చూసింది. ధర్మయ్యా, అని పిలుద్దామనుకుంది, ముందుగా ఒక మాట చెప్పి చేద్దామని. పిలిస్తే అతను వద్దనడు. వద్దనడని తెలిసి అడగడం కూడా మోసమే అనిపించింది. పిలవలేదు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. చప్రాసీ వచ్చి రమ్మన్నాడు. పెరుగన్నం అట్లాగే ఉంది, చీమలు పట్టాయి.

గదిలో తాసిల్దారు గారు కూర్చున్నారు, పక్కన ఆయన వెంట జగదల్‌పూర్ నుంచి వచ్చిన మున్షీ కలంతో. నాకేదారు కిటికీ దగ్గర. లక్మే తలుపు లోపల గోడకు ఆనుకొని నేల మీద. ఆలోచించారా అమ్మా, అన్నారు ఆయన. అన్నపూర్ణమ్మ హిందీలో మొదలుపెట్టింది. ముందుగా ఒక తప్పు చేశాను దొరా, ఈమె చెప్పిన మాట ఒకటి వదిలేశాను, రాసుకోండి. అతను పడుకున్నాక గట్టిగా గురక పెట్టాడు, ఎప్పుడూ పెట్టని మనిషి, ఆమె అలసట అనుకొని నవ్వుకుంది, గురక ఆగాక చూస్తే పోయాడు. ఇదీ ఆమె చెప్పింది. తాసిల్దారు మున్షీని చూశారు, మున్షీ రాశాడు. ఇది ఎందుకు వదిలేశారు, అన్నారు. నేను చూశాను కనక, అన్నది అన్నపూర్ణమ్మ. మీరు ఇట్లా జరగడం చూసినవాళ్ళు ఒక్కరున్నా చెప్పమన్నారు. నేను చూశాను. మా ఆయనకు ఇట్లాగే తల మీద దెబ్బ తగిలింది, ఎడ్లకు నీళ్ళు పెట్టాడు, అన్నం తిన్నాడు, మాట్లాడాడు, గురక పెట్టాడు, దీపాల వేళకు పోయాడు. బండి మీద నుంచి పడ్డాడని అప్పటి ఠాణేదారుకు చెప్పాను. పడలేదు. వాగు దగ్గర రాయి లేదు.

తాసిల్దారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మెల్లగానే అడిగారు. అప్పుడు చెప్పింది అబద్ధమని మీరే అంటున్నారు, అది కాబిలె యకీన్ అని రాశారు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్లా నమ్మేది.

"నమ్మమని అడుగుతలేను దొరా," అన్నది. తెలుగులో వచ్చింది మాట, మళ్ళీ హిందీలో అన్నది. "రాసుకోమంటున్న."

ఆయన సరేనన్నట్టు మున్షీకి సైగ చేశారు. మున్షీ కలం ముంచి, భర్త పేరు చెప్పమన్నాడు. అన్నపూర్ణమ్మ ఆగిపోయింది. మొగుడి పేరు ఎప్పుడూ నోటితో పలకలేదు, బతికున్నప్పుడు పలకలేదు, పోయాక పలకలేదు, ఆ రోజు కూడా అత్తే చెప్పింది. పెదవుల దాకా వచ్చి అక్కడే నిలబడింది. మున్షీ కలం పట్టుకొని చూస్తున్నాడు.

"భూషణం," అన్నది వెనక నుంచి ఒక గొంతు. "మా అన్న."

ధర్మయ్య గడపలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. చేతులు ముందుకు కట్టుకొని, తల కొంచెం వంచి. హిందీ బాగా వచ్చిన మనిషి, సంతల్లో హిందీలోనే బేరాలు చేస్తాడు. ఆ వేళ అతని నోట తెలుగే వచ్చింది. "కొట్టింది నేను. బండి ఊతకర్రతోని. వదిన చెప్పింది నిజం."

మున్షీకి తెలుగు రాదు. తాసిల్దారుకు రాదు. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. పిలిచింది ఈ పనికే కదా. కొట్టింది నేను, అన్నది అన్నపూర్ణమ్మ హిందీలో, అతని మాటను అతని మాటగానే, బండి ఊతకర్రతో, వదిన చెప్పింది నిజం. మున్షీ కలం ఆగింది, ఎవరు కొట్టారని అర్థం కాక. ఇతను, ఇతను అంటున్నాడు, అన్నది. ఒక్క మాటా తగ్గించలేదు.

ఏం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా, అని తాసిల్దారు ధర్మయ్యను అడిగారు. ఇప్పుడు ధర్మయ్య హిందీలోనే చెప్పాడు. అప్పుడు పద్దెనిమిదేళ్ళు, ఇప్పుడు నలభై నాలుగు, తెలిసే చెబుతున్నాను, అన్నాడు. ఆయన ఒక కాగితం తీసుకొని తానే రాయడం మొదలుపెట్టారు. జగదల్‌పూర్ డాక్టరును వెంటనే పంపమని, లక్మే మొగుణ్ణి పూడ్చినచోట మట్టి తీయాలని, అప్పటిదాకా నాకేదారు ఈ ఊరు దాటకూడదని, ధర్మయ్య కూడా దాటకూడదని, అతని సంగతి వేరే కాగితం మీద పైకి పంపుతానని. రాస్తూ ఒక్కొక్కటే పైకి చెప్పారు. ధర్మయ్య ప్రతిదానికీ తల ఊపాడు. అన్నపూర్ణమ్మకు ఇంట్లో తోడికోడలు, ఆడపిల్లలు గుర్తొచ్చారు, ఈ పాటికి పొయ్యి మీద ఎసరు పెట్టి ఎదురుచూస్తుంటారు. గోడ పట్టుకుంది. ధర్మయ్య ఒక అడుగు ముందుకు వేసి, తాకకుండానే, పడితే పట్టుకోవడానికి అన్నట్టు చెయ్యి చాచి ఉంచాడు.

లక్మే కింద నుంచి ఆమె చీర చెంగు లాగింది. "ఏమంటున్నరు? ఈయన ఎవరు?"

అన్నపూర్ణమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చుంది. చెప్పింది, అన్నీ, తనది, ధర్మయ్యది, గురక, రాయి, దొర రాసింది, ఏదీ చిన్నది చేయకుండా. దోర్లీలో తడుముకుంటూ చెప్పింది. లక్మే విన్నాక ధర్మయ్యను పైనుంచి కిందిదాకా చూసింది, ఆ ఉత్త కాళ్ళ దాకా. తర్వాత కిటికీ దగ్గరి నాకేదారు వైపు తిరిగింది. వాడు బయటికి చూస్తున్నాడు.

"ఈయన చెప్పిండు గద," అన్నది లక్మే. "అతను కూడ చెప్తడా?"

అన్నపూర్ణమ్మ లేచి నిలబడి, తాసిల్దారు గారి వైపు తిరిగి, ఆ మాటను హిందీలో చెప్పింది.